యులిసీస్‌ని గుంపుగా కూచుని పైకి చదవాలంటే

పదకొండు మందిమి మొదలుపెట్టాం. మూడో అధ్యాయం దాటేసరికి నలుగురం మిగిలాం. ఐరిష్ రచయిత జేమ్స్ జాయిస్ రాసిన ఇంగ్లీషు నవల యులిసీస్‌ని పైకి చదువుకుందామని విజయవాడలో మా ముందుగదిలో నేను చేసిన మొదటి ప్రయత్నం అది. రెండోసారి ఆరుగురం మొదలుపెట్టాం, ఆరుగురమూ ఆఖరి పేజీ దాకా వెళ్ళాం. ఆదివారం పొద్దున రెండేసి గంటల చొప్పున దాదాపు రెండేళ్ళు పట్టింది. ఈసారి మేం ఏం మార్చుకున్నామో చెబుతాను.

ముందు అందరి చేతుల్లోనూ ఒకే ముద్రణ ఉండేట్టు చూసుకోండి. మొదటిసారి ఎవరింట్లో ఉన్న పుస్తకం వాళ్ళు తెచ్చారు. మూడో అధ్యాయంలో, కథలోని యువకుడు స్టీఫెన్‌కి పారిస్‌లో ఉండగా వచ్చిన టెలిగ్రాం గుర్తుకొస్తుంది, తల్లి చావుబతుకుల్లో ఉంది ఇంటికి రమ్మని. నేను ‘మదర్’ అని చదివితే, పక్కనున్న కుర్రాడు ‘‘నా దాంట్లో నదర్ అనుందండీ, ఎన్‌తో’’ అన్నాడు. అచ్చుతప్పని నవ్వేశాం. తప్పే, కానీ జాయిస్ కావాలని ఉంచిన తప్పు. 1922 నాటి మొదటి అచ్చులో అది ‘మదర్’గా మారిపోయింది. జర్మన్ పండితుడు హాన్స్ వాల్టర్ గాబ్లర్ 1984లో పరిష్కరించిన ప్రతిలో మళ్ళీ ‘నదర్’ అయింది. ఆ ప్రతి మీద పండితులు పెద్ద రభసే చేశారు. మా మట్టుకు అదే మేలు. ప్రతి అధ్యాయానికీ పంక్తుల లెక్క వేసి ఉంటుంది కనక, ‘‘ఎక్కడున్నాం, ఎక్కడున్నాం’’ అని వెతుక్కునే బాధ లేదు.

ఇక మొదటి అధ్యాయంతో మొదలుపెట్టకండి. మొదటి మూడూ స్టీఫెన్‌వి, అందులో మూడోది సముద్రపు ఒడ్డున వాడి బుర్రలో జరిగే తర్కం. మా ఏడుగురూ పోయింది అక్కడే. నాలుగో అధ్యాయంలో కథానాయకుడు బ్లూమ్ వంటింట్లోకి వస్తాం. కథలో ఒకటికీ నాలుగుకీ వేళ ఒకటే, పొద్దున ఎనిమిది గంటలు. అందుకని ముందు 4, 5 చదివి, వెనక్కొచ్చి 1, 2, 3 ముగించి, తర్వాత 6కి వెళితే కాలం ఏమీ చెదరదు. పెళ్ళాం కోసం టీ పెట్టి, కిడ్నీ వేయించుకుంటూ మాడబెట్టుకునే మనిషిని చూశాక ఎవరూ మానెయ్యరు.

పెన్సిల్ దగ్గర పెట్టుకోండి. ఈ పుస్తకంలో మాటలకి కొటేషన్ గుర్తులుండవు. మాట మొదలయ్యే చోట ఒక అడ్డగీత ఉంటుంది, ఎక్కడ ఆగిందో మనమే కనిపెట్టాలి. అంతకంటే తిప్పలు బ్లూమ్ ఆలోచనలతో. ‘అతను వంటింట్లో మెల్లగా తిరుగుతున్నాడు’ అన్న ధోరణిలో రచయిత చెబుతూ ఉంటాడు. అంతలో, రొట్టెముక్క ఇంకోటి, మూడు, నాలుగు, సరే, కంచం నిండా పెడితే ఆవిడకి నచ్చదు, అని వస్తుంది. ఇది రచయిత గొంతు కాదు, బ్లూమ్ లోపల అనుకుంటున్నది. మధ్యలో గుర్తేమీ ఉండదు. కళ్ళతో చదివితే ఈ అతుకు తెలీకుండానే దాటిపోతాం. పైకి చదివేవాడికి ఆ వీలు లేదు, గొంతు ఏదో ఒకటి ఎంచుకోవాల్సిందే. మా గార్డుగారు (రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యారు) ముందురోజు రాత్రి తన వంతు పేజీల్లో ఈ అతుకుల దగ్గర నిలువుగీతలు పెట్టుకుని వచ్చేవారు. బ్లూమ్ లోపలి మాట వచ్చినప్పుడు గొంతు ఒక మెట్టు దించేవారు, అంతే. నటించేవారు కాదు. మీరూ నటించొద్దు. ఐరిష్ యాస అసలే వద్దు, మన బెజవాడ ఇంగ్లీషే చాలు.

చదివేవాళ్ళు వేరు, చెప్పేవాళ్ళు వేరు. ఇది నేను చిన్నప్పుడు మా ఊరి గుళ్ళో పురాణ కాలక్షేపంలో చూసిన పద్ధతే. ఒకాయన పద్యం చదివేవాడు, ఇంకొకాయన అర్థం చెప్పేవాడు. చదివేటాయన ఎప్పుడూ వ్యాఖ్యానంలోకి దిగేవాడు కాదు. మేమూ ఇద్దరు ముగ్గురం వంతులేసుకుని రెండేసి పేజీలు ఆపకుండా చదివేవాళ్ళం. ఆ వారం ‘అర్థం’ వంతు ఉన్నవాళ్ళు మాత్రం టీకాలు, టిప్పణాలు ఇంట్లో చూసుకుని వచ్చి, చదవడం అయ్యాక తెలుగులో చెప్పాలి. చదువు ఇంగ్లీషు, చర్చ తెలుగు. మధ్యలో ‘‘ఒక్క నిమిషం, ఇక్కడ హోమర్‌లో ఏముందంటే’’ అన్నవాళ్ళకి (ఈ నవల హోమర్ రాసిన గ్రీకు కావ్యం ఒడిస్సీ వరసలో నడుస్తుంది లెండి) ఆరోజు టీ లేదు.

వారానికి ఎనిమిది పేజీలు మించొద్దు. ఐర్లండ్ రేడియో 1982లో, జాయిస్ శతజయంతి ఏడు, పుస్తకం మొత్తం ఆపకుండా చదివిస్తే 30 గంటల దగ్గర పట్టింది. వాళ్ళు నటులు, మనం కాదు.

చప్పుళ్ళని దాటెయ్యకండి. బ్లూమ్ పిల్లి మూడుసార్లు అరుస్తుంది. మొదటిసారి ఎం, కె, జి, ఎన్ వరుసగా వచ్చి చివర ‘ఆవ్’ అంటుంది. రెండోసారి ఎం పక్కన ఒక ఆర్ దూరుతుంది. మూడోసారి రెండు ఆర్‌లు. పాల కోసం ఆత్రం పెరిగినకొద్దీ ఆర్ పెరుగుతోంది! ఇది నేను ఇరవై ఏళ్ళ కిందట ఒంటరిగా చదివినప్పుడు గమనించలేదు. మా గుంపులోని డిగ్రీ అమ్మాయి మూడుసార్లూ మూడు రకాలుగా అరిచి చూపిస్తే తెలిసింది. వాళ్ళింట్లో పిల్లి ఉందిట.

తర్వాతి అధ్యాయాల్లో కొన్నిటిని జాయిసే మనకి పంచిపెట్టాడు. ఏడులో పత్రికల శీర్షికల్లాంటివి వస్తాయి, అవన్నీ ఒకరికే ఇవ్వండి. పదిహేను అచ్చంగా నాటకం, పాత్రలు పంచుకోండి. పదిహేడు ప్రశ్నలూ జవాబులూ, ఇద్దరు చాలు. పదకొండు మొదట్లో అర్థంపర్థం లేని తునకలు వరుసగా ఉంటాయి. అవన్నీ ఆ అధ్యాయంలో ముందుముందు రాబోయే చప్పుళ్ళే. కచేరీ ముందు వాయిద్యాలు శ్రుతి చేసుకుంటున్నట్టు చదివేసి, అధ్యాయం అయ్యాక మళ్ళీ మొదటికొచ్చి ఒకసారి చదవండి. ఆ రెండో చదువులో మా డాక్టరుగారు చప్పట్లు కొట్టారు. పద్నాలుగు సంగతి దాచను. ఇంగ్లీషు వచనం పాతకాలం నుంచి ఎలా మారుతూ వచ్చిందో అనుకరిస్తూ రాసింది అది, మాలో సగం మందికి నిద్రొచ్చింది. సగం చదివి, మిగతా సగం నేను తెలుగులో చెప్పేశాను. ఆ తప్పుకి నాకేం బాధ లేదు.

పద్దెనిమిదోది, ఆఖరిది, బ్లూమ్ పెళ్ళాం మోలీ మంచం మీద పడుకుని అనుకునేది. ఎనిమిది వాక్యాలు, కామాలు లేవు. మొహమాటం పెట్టే సంగతులు చాలా ఉన్నాయి కనక ముందువారమే చెప్పండి, చదవనన్నవాళ్ళు వినొచ్చు. వాక్యానికొకరు అని మొదట పంచాం, పేజీ తిరక్కుండానే అందరికీ ఊపిరాడలేదు. తర్వాత ఇలా కుదిరింది: ఒకరు ఊపిరి ఉన్నంతవరకూ చదవడం, ఆగినచోట పక్కవాళ్ళు, మాట మధ్యలోనైనా సరే, అందుకోవడం. ‘యెస్’ వచ్చినచోట గాలి పీల్చుకోవచ్చు. కుర్చీలు దగ్గరగా వేసుకోండి, అందరి దగ్గరా మంచినీళ్ళుండాలి.