ఫైబర్‌గ్లాస్ బాక్స్ ఇంట్లోనే ఎలా చేయాలి? అచ్చు నుంచి మూత దాకా

నా మొదటి బాక్స్ అచ్చులోంచి బయటికి రానే లేదు. చూడ్డానికి బాగానే గట్టిపడింది, వేలితో కొడితే టక్‌టక్‌మంటోంది, కానీ గంటసేపు లాగినా కదల్లేదు. చివరికి సుత్తి తీసుకుని అచ్చు పగలగొడితే దాంతోపాటు బాక్స్ కూడా పగిలింది. తప్పంతా నాదే, బాక్స్ అచ్చుకి అంటుకోకుండా రాసే వాక్స్ రెండే కోట్లు వేశాను, అదీ హడావిడిగా. రెసిన్ (గాజు పీచుని తడిపి గట్టిపడే చిక్కటి ద్రవం) పని అరగంటలో అయిపోతుంది, అసలు పనంతా అచ్చులోనే ఉందని ఆ రోజు బోధపడింది. అందుకే అచ్చు గురించి కాస్త ఎక్కువే రాస్తున్నాను, విసుక్కోకండి.

ముందు అచ్చు

ఫైబర్‌గ్లాస్‌లో అచ్చుకు ఆనుకున్న వైపు అద్దంలా వస్తుంది, రెండోవైపు పీచు కనబడుతూ గరుగ్గా ఉంటుంది. బాక్స్ బయటివైపు నున్నగా కావాలి కాబట్టి గుంతలాంటి అచ్చు చేసుకుని దాని లోపల పొరలు వేయాలి. లెక్క కోసం 20 సెం.మీ. పొడవు, 15 సెం.మీ. వెడల్పు, 8 సెం.మీ. లోతు ఉన్న బాక్స్ అనుకుందాం.

నున్నటి లామినేట్ అతికించిన బోర్డు ముక్కలు ఐదు తీసుకోండి, అడుగుకి ఒకటి, పక్కలకి నాలుగు. వాటిని జిగురుతో అతికించకుండా బయటి నుంచి స్క్రూలతో బిగించండి. రేపు బాక్స్ పట్టేసుకుంటే స్క్రూలు విప్పి ఒక్కో పలకనీ వేరు చేసుకోవచ్చు, సుత్తి అవసరం రాదు. విప్పడానికి వీల్లేని ఒకే ముక్క అచ్చయితే గోడలు నిట్టనిలువుగా ఉండకూడదు, పైకి వెళ్లేకొద్దీ కాస్త విచ్చుకోవాలి. 3 డిగ్రీల వాలు అంటే 8 సెం.మీ. లోతుకు ఒక్కో వైపు సుమారు 4 మి.మీ. వస్తుంది. అచ్చు థర్మోకోల్‌తో చేద్దామనుకోవద్దు, పాలిస్టర్ రెసిన్ తగిలితే అది కరిగిపోతుంది. రెసిన్ కలిపే కప్పుకీ ఇదే మాట.

ఇక మూలలు. గాజు పీచు పదునైన మూలలో ఒదిగి కూర్చోదు, ఎంత నొక్కినా మళ్లీ పైకి లేస్తుంది, దాని వెనక గాలి చేరుతుంది, కొన్నాళ్లకి సరిగ్గా అక్కడే పైపూత పెంకులా ఊడుతుంది. అందుకని లోపలి మూలలన్నిటిలో మోడలింగ్ క్లే సన్నటి తాడులా పెట్టి, పిల్లలు ఆడుకునే గోలీతో ఈ చివరి నుంచి ఆ చివరికి ఒత్తుకుంటూ వెళ్లండి. మూల గుండ్రంగా, ఒకే తీరుగా తిరుగుతుంది. పక్కకి వచ్చిన మట్టిని ప్లాస్టిక్ ముక్కతో గీకేయండి, ఎందుకంటే ఇక్కడ మిగిలిన ప్రతి గీతా రేపు బాక్స్ మీద కనిపిస్తుంది.

తర్వాత అచ్చులకు వాడే వాక్స్. కొత్త అచ్చుకు కనీసం ఐదు కోట్లు వేయాలి. పల్చగా రాయడం, మసకబారేదాకా ఆగడం, మెత్తటి గుడ్డతో మెరిసేలా తుడవడం, ఓ గంట ఆగి మళ్లీ అదే పని. కారు పాలిష్‌లు వద్దు, వాటిలో సిలికోన్ ఉంటే పైన వేసే పూత చుక్కలు చుక్కలుగా విడిపోతుంది. వాక్స్ మీద అచ్చు విడిపించే పీవీఏ ద్రవాన్ని స్పాంజితో పల్చగా పూసి ఆరనివ్వండి. అది పలచటి పొరలా ఆరుతుంది, తర్వాత నీళ్లతో కడిగితే పోతుంది. చెక్క అతికించే తెల్ల జిగురునీ పీవీఏ అనే అంటారు, అది ఇది కాదు.

రెసిన్, హార్డ్‌నర్

మన బాక్స్ వైశాల్యం 860 చదరపు సెం.మీ. చదరపు మీటరుకు 450 గ్రాములుండే చాప్డ్ స్ట్రాండ్ మ్యాట్ (గాజు పీచు ముక్కలతో చేసిన చాపలాంటిది) రెండు పొరలకి దాదాపు 80 గ్రాములు పడుతుంది, రెసిన్ దానికి రెండు నుంచి రెండున్నర రెట్లు. అంచుల మీద వేసేది, వృథా అయ్యేది కలుపుకుని 250 గ్రాముల రెసిన్, పైపూతకి 50 గ్రాములకు పైచిలుకు జెల్‌కోట్ (బాక్స్ బయటివైపు నున్నటి పొరగా వచ్చే చిక్కటి రెసిన్) ఉంచుకోండి. ఒక్కో పొర సుమారు 1 మి.మీ. మందం వస్తుంది, చిన్న బాక్స్‌కి రెండు పొరలు చాలు. ఎపాక్సీ రెసిన్ అయితే ఈ మ్యాట్ బదులు నేసిన గ్లాస్ క్లాత్ వాడండి, మామూలు మ్యాట్‌లో పీచును పట్టి ఉంచే బంక పాలిస్టర్ రెసిన్‌ని పల్చగా ఉంచే స్టైరీన్ అనే ద్రవానికే కరుగుతుంది.

పాలిస్టర్ రెసిన్ అయితే దాన్ని గట్టిపరిచే హార్డ్‌నర్ రెసిన్ బరువులో 1 నుంచి 2 శాతం, అంటే 100 గ్రాములకి గ్రామున్నర వేస్తే సరిపోతుంది. కంటి అంచనాలొద్దు, చిన్న తూకం వాడండి. ఎక్కువ పోస్తే గట్టిగా వస్తుందనుకుంటారు, రాదు, వేడెక్కి పగుళ్లిస్తుంది. ఒకేసారి మొత్తం కలిపినా కప్పులోనే మరిగి పొగలు వస్తాయి. వంద వంద గ్రాములుగా కలుపుకోండి, ఒక్కోదానికి పావుగంట, ఇరవై నిమిషాలు టైమ్ ఉంటుంది.

ఇక్కడ మాత్రం సీరియస్‌గా వినండి. ఎంఈకేపీ అనే ఈ హార్డ్‌నర్ కంట్లో పడితే చూపే పోవచ్చు, గాగుల్స్ లేకుండా సీసా మూత తీయొద్దు, పడితే వెంటనే కనీసం 15 నిమిషాలు ఆగకుండా నీళ్లతో కడిగి, ఆలస్యం చేయకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. రెసిన్ త్వరగా గట్టిపడేలా చేసే కోబాల్ట్ యాక్సిలరేటర్‌ని దీంతో నేరుగా ఎప్పుడూ కలపకూడదు, మండుతుంది, పేలుతుంది కూడా. ముందే కోబాల్ట్ కలిపి అమ్మే రెసిన్ తీసుకుంటే ఆ టెన్షనే ఉండదు. స్టైరీన్ వాసనని మామూలు దుమ్ము మాస్క్ ఆపదు, రసాయన ఆవిరిని ఆపే ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ ఉన్న మాస్క్ కావాలి. పని గాలి ఆడేచోట, పొయ్యికీ నిప్పుకీ దూరంగా చేయండి.

పొరలు వేయడం

మ్యాట్ ముక్కలు ముందే సిద్ధం చేసుకోండి, చేతులకి రెసిన్ అంటాక కత్తెర పట్టుకోలేరు. అంచులు కత్తిరించే బదులు చేత్తో చింపితే ఒకదాని మీద ఒకటి కలిసిపోతాయి, గీత పడదు. మూలల దగ్గర రెండు సెం.మీ. ఒకదానిపై ఒకటి రావాలి, పైన అచ్చు అంచు దాటి కాస్త వేలాడాలి.

మొదట జెల్‌కోట్‌ని బ్రష్‌తో అరమిల్లీమీటరు మందాన వేయండి. మరీ పల్చగా ఉంటే తర్వాతి పొరలోని స్టైరీన్ తగిలి ముడతలు పడుతుంది. వేలు ఆనిస్తే జిగురుగా అనిపించాలి, కానీ వేలికి అంటకూడదు, అదీ మ్యాట్ వేయాల్సిన సమయం.

దాని మీద ముందు కొంచెం రెసిన్ పూసి, మ్యాట్ పరిచి, మళ్లీ రెసిన్. బ్రష్‌తో గోడకి రంగేసినట్టు లాగితే పీచంతా బ్రష్‌తో వచ్చేస్తుంది, పొడుస్తున్నట్టు అద్దాలి. తెల్లటి మ్యాట్ తడిసేకొద్దీ పారదర్శకంగా మారుతుంది. ఇంకా తెల్లగా ఉన్నచోట గాలి ఉందని అర్థం. రోలర్ చిన్న బాక్స్‌లో తిరగదు, కుచ్చు సగానికి కత్తిరించి గట్టిగా చేసుకున్న పాత బ్రష్ దానికన్నా నయం. వెంటనే రెండో పొర.

గట్టిపడుతూ తోలులా సాగే దశ ఒకటి వస్తుంది. దాన్ని కనిపెట్టి బ్లేడుతో అచ్చు అంచు వెంట కోసేస్తే పని ముగుస్తుంది. దాటిపోతే రంపం, దుమ్ము, దురద. ఒంటికి పీచు అంటితే రుద్దకుండా చల్లటి నీళ్లతో కడగండి.

విప్పడం, మూత

ఒక రోజు ఆగి స్క్రూలు తీయండి. పలక రాకపోతే సందులో చెక్క చీలిక దూర్చి నీళ్లు పోయండి, పీవీఏ కరిగి వదులవుతుంది. స్క్రూడ్రైవర్ పెట్టి తిప్పితే అంచు లేచిపోతుంది.

మూతకి అచ్చు తిరగేయాలి. మూత బాక్స్ మీద కూర్చోవాలంటే దాని లోపలి కొలతే ముఖ్యం, గుంత అచ్చులో ఆ వైపే గరుగ్గా, ఎగుడుదిగుడుగా వస్తుంది. కాబట్టి బాక్స్ బయటి కొలత కన్నా ఒక్కో వైపు ఒక మి.మీ. ఎక్కువుండే దిమ్మ చేసి, దాని మీద పొరలు వేయండి. రెసిన్ గట్టిపడేటప్పుడు కుంచించుకుని దిమ్మని బిగపట్టేస్తుంది, అందుకే దిమ్మకి వాలు ఇంకాస్త ఎక్కువివ్వండి, వాక్స్ దగ్గర అసలు పిసినారితనం వద్దు. పైవైపు గరుకుని 220తో మొదలుపెట్టి 400, 800 నంబరు వాటర్ పేపర్‌తో తడిపి రుద్ది పెయింట్ వేసుకోవచ్చు.

వైర్ కోసమో తాళం కోసమో రంధ్రం కావాలంటే టేప్ అంటించి, నున్నటి జెల్‌కోట్ వైపు నుంచి డ్రిల్ చేయండి. లోపలి నుంచి చేస్తే బిట్ బయటికి వచ్చేచోట జెల్‌కోట్ రేకులుగా లేచిపోతుంది.