క్షయ బ్యాక్టీరియా జన్యుక్రమం ద్వారా మందుల నిరోధకతను గుర్తించే విధానం

కఫంలో మనిషి డీఎన్ఏయే అధికంగా ఉంటుంది కనుక, సాధారణంగా ముందు క్షయ బ్యాక్టీరియాను కల్చర్‌లో, అంటే ప్రయోగశాలలోని పోషక మాధ్యమంలో, పెంచాలి; ఇందుకు వారాలు పట్టవచ్చు. తగిన భద్రత గల ప్రయోగశాలలో దానిని వేడితో నిర్జీవం చేసి, మైకోలిక్ ఆమ్లాలనే మైనపు కొవ్వులతో నిండిన గట్టి కణకవచాన్ని సన్నని పూసలతో చితక్కొట్టి డీఎన్ఏను వేరుచేయాలి. ఇక్కడ తొందరపడితే తరువాతి శ్రమంతా వృథాయే.

ఆ డీఎన్ఏను సీక్వెన్సింగ్ యంత్రంతో చదివించగా వచ్చిన అక్షర శ్రేణులను 1998లో ప్రచురితమైన, సుమారు 44 లక్షల బేస్ జతలు (డీఎన్ఏ అక్షరాల జతలు) ఉన్న హెచ్37ఆర్‌వి అనే ప్రామాణిక క్షయ బ్యాక్టీరియా రకపు జన్యుక్రమంతో సరిపోల్చి, కనబడిన తేడాలను ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించిన ఉత్పరివర్తనాల (నిరోధకతతో ముడిపడిన జన్యు మార్పుల) జాబితాలో వెదకాలి. ఆర్‌పీఓబీ జన్యువులోని కొన్ని మార్పులు రిఫాంపిసిన్ అనే క్షయ మందుకు, కాట్‌జీ జన్యువులోని కొన్ని ఐసోనియజిడ్ అనే మరో మందుకు నిరోధకతను సూచిస్తాయి. ఈ జన్యువులలో జాబితాకెక్కని మార్పు కనిపిస్తే, మందు పనిచేస్తుందని నివేదికలో రాయడం సరికాదు. కల్చర్‌పై ఆ మందును పరీక్షించిన తరువాతే నిర్ణయించాలి.