స్పీతి, లడఖ్ దారుల్లోకి పెద్ద బైకు దించేముందు

జూన్ వచ్చేసరికి కనుమలు చాలావరకు తెరుచుకుంటాయి. 200 కిలోల బండిని రాళ్లలోకి, వాగుల్లోకి దించేముందు ఇవి చూసుకోండి.

వాగులో బండి పడిందా, స్టార్టర్ నొక్కనే నొక్కొద్దు. సిలిండర్‌లో చేరిన నీళ్లను పిస్టన్ నొక్కలేదు, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ఇక ఇంజిన్ మొత్తం విప్పాల్సిందే. గట్టుకు చేర్చి, స్పార్క్ ప్లగ్ తీసి, సెంటర్ స్టాండ్ మీద టాప్ గేరులో వెనక చక్రం చేత్తో తిప్పండి, నీళ్లు చిమ్ముకుంటూ బయటికొస్తాయి. ఎయిర్ ఫిల్టర్ తడిసిందేమో చూడండి. ఆయిల్ పాలలా తెల్లబడితే మార్చాల్సిందే. ప్లగ్ స్పానర్ సామాన్ల అడుగున కాదు, చేతికందే చోట పెట్టుకోండి.

వాగులు పొద్దున్నే దాటండి. ఎండెక్కేకొద్దీ మంచు కరిగి నీళ్లు పెరుగుతాయి.

ఇంజిన్ కింద మందపాటి అల్యూమినియం బాష్ ప్లేట్ తప్పనిసరి. రాయి తగిలి ఇంజిన్ కేసు (బయటి గుల్ల) పగిలితే ఆయిలంతా కారిపోతుంది.

మట్టిలో పట్టు కోసం టైర్లలో గాలి తగ్గించండి. కానీ సామాన్లున్న బండికి రాళ్ల దారిలో 25 పీఎస్‌ఐ కంటే దించడం నాకు ఇష్టం లేదు, రిమ్ము సొట్టపడుతుంది. ట్యూబ్‌లెస్ అయితే గాలి కూడా నిలవదు.

క్లచ్, బ్రేక్ లీవర్లను హ్యాండిల్‌కు పట్టి ఉంచే క్లాంపులు మరీ బిగించొద్దు. గట్టిగా తోస్తే తిరిగేలా ఉంటే, పడినా లీవరు విరగదు.

చైను వదులు సామాన్లెక్కించి, మీరు కూర్చున్నాకే చూడండి.