చారల మఫ్లర్‌కి కుచ్చుల ఊలు ముందే తీసి పెట్టుకోండి

రెండు రంగుల చారలతో మఫ్లర్ అల్లేవాళ్లు మొదటి కుట్టు వేయకముందే కుచ్చుల ఊలు కత్తిరించి ఓ కవర్లో పడేయండి. నేను చివరికి చూసుకుందాంలే అనుకుని అల్లుకుంటూ పోతే మెరూన్ ఉండ అయిపోయింది, షాపులో మళ్లీ అదే రంగు దొరికింది కానీ లాట్ (ఒకేసారి రంగు వేసిన బ్యాచ్) వేరు, పక్కపక్కన పెడితే తేడా కొట్టొచ్చినట్టు కనిపించింది.

15 సెంటీమీటర్ల వెడల్పు అట్టకి ఊలు చుట్టి ఒక పక్క కత్తిరిస్తే 30 సెంటీమీటర్ల పోగులు వస్తాయి. కుచ్చుకి నాలుగు పోగులు, ఒక్కో చివర పది కుచ్చులు అనుకుంటే మొత్తం 80 పోగులు, అంటే 24 మీటర్లు, రెండు రంగులూ సమానంగా వాడితే రంగుకి 12 మీటర్లు. తక్కువేం కాదు!

ఇక చారలు. ప్రతి చారకీ రెండో నాలుగో, సరిసంఖ్యలోనే వరుసలు వేయండి. అప్పుడు రంగు ఎప్పుడూ ఒకే అంచు దగ్గర మారుతుంది కాబట్టి ఊలు తెంచక్కర్లేదు, పక్కనుంచే పైకి తెచ్చుకోవచ్చు, చివర్లో వందల కొసలు దాచే పనీ ఉండదు. పైకి తెచ్చే ఊలుని మాత్రం బిగించి లాగొద్దు, అంచు ముడుచుకుపోతుంది. చార నాలుగు వరుసలు దాటితే రెండు వరుసలకోసారి అంచు దగ్గర రెండు రంగుల ఊలునీ ఒకదానితో ఒకటి మెలేయండి.

కుచ్చులు కట్టాక ఒకసారి ఉతికి ఆరబెట్టి, ఆ తర్వాతే కొసలు సమానంగా కత్తిరించండి.