వేసవి సెలవులకు ఊరెళ్లేముందు స్మార్ట్ లాక్ సెల్స్ చూసుకోండి

పోయిన వారం మా మణికొండ అపార్ట్‌మెంట్‌లో మిట్టమధ్యాహ్నం ఒకావిడ చెత్త బుట్ట బయట పెట్టడానికి వచ్చారు. గాలికి తలుపు మూసుకుపోయింది, సెల్స్‌తో నడిచే స్మార్ట్ లాక్ దానంతటదే పడింది. లోపల రెండేళ్ల పాప, స్టవ్ మీద పాలు. కీప్యాడ్ నొక్కితే లైటు కూడా వెలగలేదు. కార్పెంటర్‌ని పిలిచి తలుపు పగలగొట్టించారు. పాపకేమీ కాలేదు. తర్వాత లాక్ మూత తీస్తే నాలుగు పెన్సిల్ సెల్స్‌లో రెండు కొత్తవి, రెండు పాతవి. పాతవాటిలో ఒకటి కారిపోయి ఉంది.

లాక్ రిపేరుకు నేను వెళ్లిన చాలా ఇళ్లలో చూసింది ఈ తప్పే. రెండు మార్చి రెండు వదిలేయడం.

ఎందుకు ప్రమాదమో చెబుతాను. చాలా లాకుల్లో సెల్స్ ఒకదాని వెనుక ఒకటి కలిసి పనిచేస్తాయి. ఒక్కోటి 1.5 వోల్టులు, నాలుగూ కలిస్తే 6. లాక్ చూసేది ఆ మొత్తాన్నే. కొత్తవి రెండూ మొత్తాన్ని పైకి లాగి ఉంచుతాయి కాబట్టి బ్యాటరీ బాగానే ఉందని యాప్ చూపిస్తుంది. లాక్ లోపలి మోటారు తిరిగే క్షణంలో ఎక్కువ కరెంటు కావాలి, అప్పుడు పాత సెల్ చేతులెత్తేస్తుంది. అది పూర్తిగా ఖాళీ అయ్యాక కూడా కొత్తవి దానిలోంచి కరెంటును బలవంతంగా తోస్తాయి. లోపల గ్యాస్ పుట్టి సెల్ కారుతుంది. అలా కారిన క్షార ద్రవం స్ప్రింగులను తినేస్తుంది, సర్క్యూట్ బోర్డు దాకా పాకితే లాక్ మొత్తం పోయినట్టే. అందుకే నాలుగుంటే నాలుగూ, ఎనిమిదుంటే ఎనిమిదీ ఒకేసారి మార్చండి. ఒకే కంపెనీవి, ఒకే ప్యాకెట్‌లోవి.

ఇక ఏ రకం వేయాలి? మాన్యువల్‌లో వేరేగా రాసి ఉంటే తప్ప ఆల్కలైన్ మాత్రమే. గోడ గడియారానికి వేసే చవక జింక్ కార్బన్ సెల్స్ మోటారు బరువు మోయలేవు, త్వరగా కారతాయి. రీచార్జబుల్‌వి ఒక్కోటి 1.2 వోల్టులే, నాలుగూ కలిపినా సుమారు 4.8 వోల్టులే. లిథియంవి చివరిదాకా నిండుగా కనిపించి ఒక్కసారిగా పడిపోతాయి, హెచ్చరిక వచ్చేసరికి ఆలస్యమవుతుంది.

సెల్స్ ఎక్కువ కాలం రావాలంటే ముందు తలుపు చూడండి. చేత్తో లాగి పట్టుకుంటేనే లాక్ పడుతోందంటే మోటారు ప్రతిసారీ ఒరుసుకుంటూ తిరుగుతోందన్నమాట. వానాకాలంలో చెక్క ఉబ్బితే ఇది ఇంకా ఎక్కువ. కార్పెంటర్‌తో చౌకట్టు మీద గడియ దూరే ప్లేటు సరిచేయించండి. లాక్‌లోనే వైఫై ఉంటే, అవసరం లేనప్పుడు ఆపేయండి.

ఊరెళ్లేముందు సగం వాడిన సెల్స్ వదిలి వెళ్లకండి. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటే ఎండ పడమటి తలుపు మీద పడితే పాతవి కారే అవకాశం పెరుగుతుంది. మార్చేటప్పుడు తలుపు తెరిచే ఉంచండి. మార్చాక తలుపు తెరిచి ఉండగానే లాక్ వేసి, తీసి చూడండి. సెల్ మీద గడువు తేదీ చూసి కొనండి. మామూలు తాళంచెవి బీరువాలో పెట్టకండి, ఊళ్లోనే ఉండే నమ్మకస్తుల దగ్గర ఉంచండి. సెల్స్ అయిపోతే బయటి నుంచి కరెంటు ఇచ్చి తెరవడానికి మీ లాక్‌కి బయటివైపు 9 వోల్టుల బ్యాటరీ ఆనించే కొనలున్నాయా, ఛార్జర్ పిన్ను పెట్టే చోటుందా, ఈ రోజే చూడండి. ఆ 9 వోల్టుల బ్యాటరీని తాళాలతో కలిపి బ్యాగులో వేయకండి, ఇనుము తగిలి షార్టయితే నిప్పు పుట్టొచ్చు. ఆల్కలైన్ సెల్స్‌ని ఛార్జింగ్ పెట్టకండి. కారిన సెల్‌ని వట్టి చేత్తో ముట్టుకోకండి. గ్లౌజు వేసుకుని సెల్ తీసి, ఆ చోటును కొంచెం వెనిగర్ అద్దిన దూదితో తుడవండి. కంట్లో పడితే నీళ్లతో బాగా కడిగి వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. చిన్నపిల్లలున్న ఇంట్లో పగలు ఆటో లాక్ ఆపేయండి. సెల్స్‌లో రెండు బాగానే ఉన్నాయి కదా అని ఉంచకండి. టెస్టర్‌లో బాగా చూపించినా ఉంచకండి. అన్నీ తీసేయండి, అన్నీ కొత్తవి వేయండి. తీసిన పాతవి తడి చెత్తలో వేయకండి, విడిగా కట్టి చెత్త ఆటో వాళ్లకు చెప్పి ఇవ్వండి.