హైదరాబాద్‌లో కొత్త జాబా, ఒంటరిగా అనిపిస్తోందా? ఇలా చేసి చూడండి

మాది తెనాలి దగ్గర పల్లెటూరు. గచ్చిబౌలి పీజీలో దిగిన కొత్తలో ఒకసారి శని, ఆదివారాలు రెండ్రోజులూ కలిపి నా నోట్లోంచి వచ్చింది నాలుగంటే నాలుగు అంకెలు, అదీ బిర్యానీ తెచ్చినబ్బాయికి చెప్పిన ఓటీపీ. ఆఫీసులో చూస్తే ఫ్లోర్ నిండా జనమే. మనుషుల్లేక కాదు, "నిన్న కనపళ్ళేదేంటి" అని అడిగేవాళ్ళు లేకే ఈ బాధంతా అని నాకు లేటుగా వెలిగింది.

అందుకే ముందు ఫ్రెండ్స్ కోసం వెతక్కండి, ఒకే చోటికి ఒకే టైముకి వెళ్ళడం మొదలెట్టండి. నేను కొత్తగూడ బొటానికల్ గార్డెన్‌కి పొద్దున ఆరున్నరకి పోయేవాణ్ణి, రెండు వారాలు ఎవరూ పలకరించలేదు, మూడో వారం ఒక అంకుల్ "ఏం బాబూ, నిన్న రాలే?" అన్నాడు, ఆ ఒక్క మాటకి ఆరోజు ఆఫీసు టీమ్ మీటింగ్ (స్టాండప్ కాల్) కూడా హాయిగా గడిచిపోయింది. షటిల్ కోర్టైనా, ఇరానీ చాయ్ హోటలైనా ఓకే, రోజుకో చోటైతే మాత్రం పనవదు. వీకెండ్ మీటప్పులకీ వెళ్ళా, ప్రతిసారీ కొత్త మొహాలు, ఏ కంపెనీ ఏ ప్రాజెక్ట్ అని మళ్ళీ ఇంటర్వ్యూ, నాకైతే ఇంకా నీరసమొచ్చింది.

డెస్క్ దగ్గర లంచ్ తినకండి. పన్నెండున్నరకే ఒక్కరికి "తిందామా" అని పింగ్ చేయండి, గ్రూపులో పెడితే ఎవరూ కదలరు. ఇంటి ఆవకాయ ఉంటే తీసుకెళ్ళండి, మూత తీస్తే పక్క టేబులోళ్ళు కూడా వస్తారు.

ప్రతి శుక్రవారం ఊరి బస్సెక్కేస్తే ఇక్కడ కాలు ఊనదు, వారం విడిచి వారం వెళ్ళండి.

రెండు వారాలైనా నిద్ర పట్టక, తిండి సయించక, ఏ పనీ చేయబుద్ధి కాకపోతే "అడ్జస్ట్ అయిపోతాలే" అని ఊరుకోవద్దు, చచ్చిపోవాలనిపిస్తే సాయం అడగడానికి ఒక్క రోజు కూడా ఆగొద్దు. టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కి ఫోన్ కొట్టండి, 2022 అక్టోబర్‌లో కేంద్రం పెట్టింది, ఫ్రీ, 24 గంటలూ ఉంటుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఎర్రగడ్డ అంటే మనోళ్ళు జోకులేస్తారు గానీ అక్కడి గవర్నమెంట్ మానసిక ఆసుపత్రిలో డాక్టర్‌ని కలవొచ్చు. ప్రైవేట్‌కైతే కంపెనీ ఇన్సూరెన్స్ చూసుకోండి, 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మానసిక జబ్బులకీ మిగతా జబ్బుల్లాగే కవర్ ఇవ్వాలి, కాకపోతే మీ పాలసీలో ఓపీ ఫీజు ఉందో లేదో హెచ్‌ఆర్‌ని అడగండి.

ఫోన్‌లో ఏం చెప్పాలో తోచకపోతే "నిద్ర పట్టట్లేదండి" అనండి చాలు, మిగతాది వాళ్ళే అడుగుతారు.