పాట రాసేవాళ్ళు సంతకం పెట్టే ముందు

నేను జగిత్యాల వైపు యూట్యూబ్ ఛానళ్ళకు జానపద పాటలు రాస్తాను. పెళ్ళి పాటలు, బతుకమ్మ పాటలు, బావామరదళ్ళ పాటలు. కొత్తగా రాస్తున్న పిల్లలు ఫోన్ చేసి ఎక్కువగా అడిగేది ఇదే: "అన్నా, పాటకు కాపీరైట్ తీసుకోవాలంటే ఎంతవుతుంది?"

ఏమీ కాదు. కాపీరైట్ ఒకరి దగ్గర తీసుకునేది కాదు. మీరు సొంతంగా రాసిన పాట కాగితం మీదికి ఎక్కిన క్షణం నుంచే దాని సాహిత్యం మీద హక్కు మీది. 1957 నాటి కాపీరైట్ చట్టం చెప్పేది అదే. ఆ హక్కు మీరు బతికున్నంత కాలం ఉంటుంది, మీ తర్వాత ఇంకో 60 ఏళ్ళు ఉంటుంది. మనవాళ్ళు హక్కు పోగొట్టుకుంటున్నది రిజిస్టర్ చేయించకపోవడం వల్ల కాదు, ఛానల్ వాళ్ళు ముందు పెట్టిన కాగితం చదవకుండా సంతకం పెట్టడం వల్ల.

ముందు ఏది మీదో తెలుసుకోండి. ఒకే పాటలో సాహిత్యం రాసినవాళ్ళది, బాణీ కట్టినవాళ్ళది, రికార్డింగ్ దాన్ని తీయించిన నిర్మాతది. పాడినవాళ్ళకు వేరే హక్కులున్నాయి. "ఉయ్యాలో" లాంటి పాత వంతలు ఎవరి సొత్తూ కావు. దాని కింద మీరు కొత్తగా కట్టిన చరణాలు మాత్రం మీవే. "గల్ఫ్ పోయిన మొగుడి కోసం భార్య ఎదురుచూపు" అన్న ఆలోచన కూడా ఎవరి సొంతమూ కాదు. దాన్ని మీరు ఏ మాటల్లో చెప్పారో ఆ మాటలే మీవి.

ఇక ఒప్పందం సంగతి. ఎక్కువ కాగితాల్లో ఒకే ముక్క ఉంటుంది: "సర్వహక్కులు శాశ్వతంగా, ప్రపంచమంతటా." నాలుగు వేలో అయిదు వేలో చేతిలో పెట్టి దీని మీద సంతకం అడుగుతారు. పాట హిట్టయి రేపు ఏ సినిమావాళ్ళో కొనుక్కుంటే బేరం ఛానల్‌తోనే జరుగుతుంది, మీకు ఫోన్ కూడా రాదు. అందుకే హక్కులను విడివిడిగా రాయించండి. యూట్యూబ్‌కు ఇస్తే యూట్యూబ్‌కు అనే రాయాలి. సినిమాకు, ప్రకటనలకు వాడాలంటే మళ్ళీ మీ అనుమతి కావాలని ఒక వాక్యం చేర్చండి. ఎన్నేళ్ళకు, ఎంత డబ్బుకు అన్నది అంకెల్లో ఉండాలి.

చట్టం ఇక్కడ మనవైపే ఉంది. హక్కు పూర్తిగా రాసివ్వడమన్నది రాతపూర్వకంగా, సంతకంతో ఉంటేనే చెల్లుతుంది. ఫోన్లో "సరే అన్నా, నువ్వే పెట్టుకో" అన్నంత మాత్రాన హక్కు మారదు. కాగితంలో కాలం రాయకపోతే 5 ఏళ్ళకే ఇచ్చినట్టు లెక్క. ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. 2012 సవరణ ఇంకో మేలు చేసింది. పాట వాడకం మీద వచ్చే రాయల్టీలో హక్కులు రాయించుకున్నవాళ్ళతో సమానంగా రచయితకూ స్వరకర్తకూ వాటా ఉంటుంది, దాన్ని వదులుకుంటున్నానని మీరు రాసిచ్చినా ఆ మాట చెల్లదు. ఆ వాటాను వసూలు చేసి పంచే సంస్థ ఐపీఆర్‌ఎస్. రెండు మూడు పాటలు బయటికొచ్చాక అందులో సభ్యత్వం తీసుకోవడం మంచిదని నా సలహా. అలాగే, హక్కులన్నీ అమ్మేసినా పాట కింద మీ పేరు అడిగే హక్కు మీ దగ్గరే ఉంటుంది. "డిస్క్రిప్షన్‌లో పేరు పెట్టడానికి చోటు లేదు" అంటే ఒప్పుకోకండి.

మరి రిజిస్ట్రేషన్ దండగా? కాదు, కోర్టులో అది సాక్ష్యంగా నిలబడుతుంది. కాపీరైట్ ఆఫీసు వెబ్‌సైట్‌లో ఇంట్లో కూర్చునే దరఖాస్తు పెట్టొచ్చు. సాహిత్యానికి 500 రూపాయలు, బాణీకి వేరేగా 500, సౌండ్ రికార్డింగ్‌కు 2,000. దరఖాస్తుకు డైరీ నంబర్ (దరఖాస్తు అందినట్టు ఇచ్చే నంబర్) వచ్చాక అభ్యంతరాల కోసం 30 రోజులు ఆగుతారు, ఆ తర్వాతే పరిశీలన. అన్ని పాటలకూ ఈ ఖర్చు పెట్టుకోవాలని నేను చెప్పను. గట్టిగా ఆడుతుందని నమ్మకమున్న పాటకు చేయించండి. మిగతావాటికి కొట్టివేతలతో సహా చిత్తుప్రతి దాచుకోండి, ఛానల్‌కు పంపేముందు మీ సొంత మెయిల్‌కు ఒక కాపీ పంపుకోండి. ఫలానా తేదీకి పాట మీ దగ్గరుందని చూపించడానికి అది పనికొస్తుంది.

ఎవరైనా ఎత్తుకెళ్ళారనుకోండి. నా పెళ్ళి పాట ఒకటి వేరే ఛానల్‌లో ఊరి పేరు మార్చి వచ్చింది. అడిగితే "క్రెడిట్ ఇస్తాం లే" అన్నారు. పేరు వేసినంత మాత్రాన అనుమతి ఉన్నట్టు కాదు. ముప్పై సెకన్ల లోపు వాడుకోవచ్చన్న మాట కూడా చట్టంలో ఎక్కడా లేదు. ముందు వీడియో లింకు, స్క్రీన్‌షాట్, అప్‌లోడ్ తేదీ భద్రం చేసుకోండి. తర్వాత యూట్యూబ్‌లోనే కాపీరైట్ ఫిర్యాదు ఫారం నింపండి. ఛానల్‌కు 90 రోజుల్లో ఇలాంటి ఫిర్యాదుల మీద మూడు స్ట్రైకులు (యూట్యూబ్ వేసే హెచ్చరికలు) పడితే అది మూతపడే ప్రమాదముంది కాబట్టి చాలామంది అక్కడే దిగొస్తారు. అవతలివాళ్ళు మీ ఫిర్యాదు తప్పంటూ యూట్యూబ్‌కు కౌంటర్ (ఎదురు నోటీసు) వేస్తే మాత్రం, మీరు కోర్టుకు వెళ్ళినట్టు 10 పనిదినాల్లో యూట్యూబ్‌కు చూపించాలి, లేకపోతే వీడియో తిరిగి పైకి రావచ్చు. దావా మీరుండే జిల్లా కోర్టులోనే వేయొచ్చు, వాళ్ళ ఊరికి తిరగనక్కర్లేదు.

ఫిర్యాదు పెట్టేముందు పాత ఒప్పందం ఒకసారి తీసి చూడండి. హక్కులు ఛానల్‌కు రాసిచ్చి ఉంటే, కాపీ చేశారన్న ఫిర్యాదు ఆ ఛానలే పెట్టాలి. అప్పుడు మీరు వాళ్ళకు రాతపూర్వకంగా తెలియజేసి, పెట్టమని అడగండి.